ఎం87 నడిబొడ్డున ఏముంది? దీర్ఘవృత్తాకార గెలాక్సీలు, వాటి కృష్ణబిలాలు

తెలంగాణ సరిహద్దులో చర్ల దాటితే వచ్చే ఛత్తీస్‌గఢ్ అడవి ఊరు పామేడు. అలాంటి చోట ఏప్రిల్‌లో, చంద్రుడు లేని రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో తలెత్తి చూస్తే కన్యా రాశి దాదాపు నడినెత్తిన ఉంటుంది. సింహ రాశి తోక చివర మెరిసే ఉత్తర ఫల్గుణి నుంచి తూర్పుకు, చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పంత జరిగితే ఎం87 గెలాక్సీ ఉన్న చోటు వస్తుంది. కంటికి ఏమీ కనిపించదు. చిన్న టెలిస్కోపులో మాత్రం పలచని దూది ఉండలా తేలుతుంది. 1781లో ఛార్లెస్ మెస్సియే దాన్ని తన జాబితాలో 87వ అంశంగా రాసుకున్నప్పుడు చూసిందీ అంతే.

ఆ దూది ఉండలో లక్షల కోట్ల నక్షత్రాలున్నాయి. దూరం సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాలు. మన పాలపుంతలా దానికి చుట్టలు తిరిగిన చేతులు లేవు, పలచని పళ్లెం ఆకారమూ లేదు. ఇలాంటి వాటినే దీర్ఘవృత్తాకార గెలాక్సీలు అంటారు. నక్షత్రాల్లో అత్యధికం ముసలివి, ఎర్రబారినవి. కొత్తగా పుట్టేవి దాదాపు లేవు. ఎందుకు లేవన్నదే ఈ గెలాక్సీల గురించిన పెద్ద ప్రశ్న. జవాబు కోసం కేంద్రానికే వెళ్లాలి.

హబుల్ టెలిస్కోపు 1990లలో ఈ కేంద్రాలను దగ్గరగా చూసినప్పుడు రెండు రకాలు బయటపడ్డాయి. ఒక మోస్తరు గెలాక్సీల్లో కేంద్రానికి వెళ్లే కొద్దీ నక్షత్రాల సాంద్రత మొనదేలినట్టు పెరుగుతూ పోతుంది. ఎం87 వంటి మహాకాయాల్లో అలా కాదు. చివరి కొన్ని వందల కాంతి సంవత్సరాల్లో ఆ పెరుగుదల మందగించి, కేంద్రం చదునుగా కనిపిస్తుంది. అక్కడ ఉండాల్సిన నక్షత్రాలు లేవు. పెద్ద గెలాక్సీలు రెండు కలిసిపోయినప్పుడు వాటి కృష్ణబిలాలు కేంద్రానికి జారి, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. దగ్గరికొచ్చిన నక్షత్రాలను ఒడిసెలతో విసిరినట్టు బయటికి విసిరేస్తాయి. ఎక్కువ మంది ఖగోళ శాస్త్రవేత్తలు ఒప్పుకునే వివరణ ఇదే. ఆ లెక్కన ఖాళీ కేంద్రం పాత విలీనాల ఆనవాలు.

ఎం87 కేంద్రం నుంచి నిటారుగా దూసుకొచ్చే కాంతి గీతను 1918లోనే లిక్ అబ్జర్వేటరీలో హీబర్ కర్టిస్ గుర్తించారు. అదేమిటో అప్పట్లో ఎవరికీ తెలియదు. 1949లో కన్యా రాశిలోని బలమైన రేడియో మూలం ఈ గెలాక్సీయేనని తేలింది. ఆ గీత దాదాపు కాంతి వేగంతో సాగే కణాల ధార. పొడవు సుమారు 5,000 కాంతి సంవత్సరాలు. అందులోని ముద్దలు కాంతికన్నా ఆరు రెట్లు వేగంగా కదులుతున్నట్టు హబుల్ చిత్రాల్లో కనిపించింది కానీ, అది ధార దాదాపు మన వైపే వస్తుండటం వల్ల కలిగే దృష్టిభ్రమ.

ఆ ధారను నడిపే కృష్ణబిలం బరువు ఎంత? దీని మీద గట్టి పేచీయే నడిచింది. 2011లో కేంద్రం దగ్గరి నక్షత్రాల కదలికలను కొలిచినవారు సూర్యుడికి 660 కోట్ల రెట్లన్నారు. 2013లో కేంద్రం చుట్టూ తిరిగే వాయువును కొలిచినవారు 350 కోట్ల రెట్లే అన్నారు. దాదాపు రెండింతల తేడా. ఇది ఒక్క గెలాక్సీ గొడవ కాదు. కృష్ణబిలం బరువుకూ, గెలాక్సీ నక్షత్రాల వేగాలకూ మధ్య 2000లో కనుగొన్న సంబంధం ఇలాంటి కొలతల మీదే నిలబడింది. ఒక పద్ధతి తప్పయితే దానితో వేసిన మిగతా లెక్కలనూ అనుమానించాలి.

తీర్పు 2019 ఏప్రిల్ 10న వచ్చింది. హవాయి నుంచి దక్షిణ ధ్రువం దాకా ఉన్న ఎనిమిది రేడియో టెలిస్కోపులను కలిపి, ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ బృందం 2017 ఏప్రిల్‌లో చేసిన పరిశీలనల ఫలితం అది. చీకటి చుట్టూ నారింజ రంగు వలయం ఉన్న ఆ చిత్రం పత్రికలన్నిటా వచ్చింది (రంగు మనం వేసిందే, రేడియో తరంగాలకు రంగు ఉండదు). వలయం వెడల్పు నుంచి కట్టిన బరువు 650 కోట్ల సూర్యులు. నక్షత్రాల లెక్కే నెగ్గింది. మన పాలపుంత కేంద్రంలోని కృష్ణబిలం బరువు 40 లక్షల సూర్యులే.

ఇంత భారీ బిలం మింగేది మాత్రం చాలా తక్కువ. లోపలికి జారే పలచని వాయువు విపరీతంగా వేడెక్కినా పెద్దగా వెలగదు. ఆ శక్తిలో కొంత బిలంలోకి పోతుంది, కొంత ధారల రూపంలో బయటికొస్తుంది. ఇలాంటి ప్రవాహాల సిద్ధాంతాన్ని 1990లలో బలంగా ముందుకు తెచ్చినవారిలో హార్వర్డ్ శాస్త్రవేత్త రమేశ్ నారాయణ్ ఒకరు. తర్వాత ఆయన ఈవెంట్ హొరైజన్ బృందంలోనూ పనిచేశారు.

ముసలి నక్షత్రాల ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఎం87 చుట్టూ కోట్ల డిగ్రీల వేడి వాయువు కమ్ముకుని ఉంది. అది చల్లారితే కుదించుకుని కొత్త నక్షత్రాలుగా మారాలి. కానీ కేంద్రం నుంచి వచ్చే ధారలు అందులో బుడగలు ఊది, అలలు రేపి, మళ్లీ వేడెక్కిస్తున్నాయి. చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు ఆ బుడగలను, అలలను చిత్రించింది. వాయువు ఎక్కువ చల్లారితే బిలానికి మేత పెరిగి ధారలు బలపడతాయి, వేడెక్కితే మేత తగ్గి సన్నగిల్లుతాయి. పొయ్యి మీది పాలు పొంగబోతే మంట తగ్గించి, చల్లారబోతే పెంచే వంటమనిషి పని లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ ఒక్కో విడతకు కోట్ల ఏళ్లు పడుతుంది.

బిలం నుంచి ధార ఎలా పుడుతుందన్నది ఇంకా తేలలేదు. బిలం అంచున క్రమబద్ధమైన అయస్కాంత క్షేత్రాలున్నాయని 2021లో విడుదలైన ధ్రువణ చిత్రాలు చూపాయి. 2023లో మరో టెలిస్కోపుల సమూహం వలయాన్నీ, ధార మొదలునూ ఒకే చిత్రంలో పట్టింది. 2018 పరిశీలనల నుంచి తయారై 2024 జనవరిలో వచ్చిన ఈవెంట్ హొరైజన్ చిత్రంలో వలయం పరిమాణం మారలేదు. అందులోని ప్రకాశవంతమైన చోటు మాత్రం ఏడాదిలో సుమారు 30 డిగ్రీలు పక్కకు జరిగింది.