గడప పసుపు, గోడ సున్నం: మన ఇళ్ళ రంగుల కథ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇల్లు కట్టడం ఒక ఎత్తు అయితే, దానికి రంగు ఎంచుకోవడం మరొక ఎత్తు అని ఈ మధ్యనే మాకు తెలిసివచ్చింది. మా అమ్మాయి, అల్లుడుగారు తామానులో కొత్త ఇల్లు తీసుకున్నారు. దుకాణం నుంచి తెచ్చిన రంగుల పుస్తకంలో ఒక్క తెలుపుకే పేజీల కొద్దీ నమూనాలున్నాయి. అమ్మాయి బూడిద రంగు అంటుంది, అల్లుడుగారు లేత నీలం అంటారు. ఎనభై దాటిన మా అమ్మ మాత్రం, "గోడలకు మీ ఇష్టం వచ్చింది వేసుకోండమ్మా, గడపకు మాత్రం పసుపే" అని తేల్చి చెప్పింది. పిల్లలు నవ్వారు. ఆ మాట వెనుక ఎంత కథ ఉందో వారికి తెలియదు. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మట్టి ఇంటి రంగులు

మలయాకు వచ్చిన తెలుగువారిలో చాలామంది పూర్వులు విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల పల్లెలవారు. ఆ సముద్రతీరాన తుపానుగాలికి తట్టుకొనేలా గుండ్రంగా కట్టుకొన్న చుట్టిళ్ళు ఉండేవి. మట్టి గోడలు, తాటాకు కప్పు, పేడతో అలికిన నేల. ఆ ఇంటి రంగులు దుకాణంలో కొన్నవి కావు. ఎరుపుకు ఎర్రమన్ను, జేగురు, తెలుపుకు సుద్ద, సున్నం, బియ్యపుపిండి, నలుపుకు దీపపు మసి, పసుపుకు పసుపే. జేగురులోని ఎరుపు ఇనుముది. ఎండకూ వానకూ వెలిసిపోని రంగు అది. 16వ శతాబ్దిలో లేపాక్షి గుడి కప్పుమీద చిత్రాలు వేసినవారూ మట్టి రంగులనే వాడారు. శ్రీకాకుళం కొండల్లో సవరలు ఎర్రమట్టి గోడమీద తెల్లని పిండితో బొమ్మలు వేసే ఆచారం మనం చూసిందే.

సంక్రాంతికి ముందు ఇంటికి వెల్ల వేసుకోవడం మన ఊళ్ళలో పండుగ పనుల్లో మొదటిది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే పొడిసున్నం వస్తుంది. దానిమీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. గోడకు పూసిన తరువాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మళ్ళీ రాయిగా మారుతుంది. అంటే వెల్ల వేయడమంటే గోడకు పల్చని రాతి పొర తొడగడమే. తడిగా ఉన్న సున్నానికి ఘాటు ఎక్కువ. క్రిములు, బూజు దాని దరిచేరవు.

తెలుపు మరీ పసుపుపచ్చగా కనబడకుండా సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేవారు. ఆ నీలి ఒకనాడు మన నేలమీద పండిన సరుకే. 17వ శతాబ్దిలో ఖమ్మం ప్రాంతంలోని నాగులవంచలో డచ్చివారు వర్తకశాల పెట్టి నీలిమందు కొన్నారు. 1897లో జర్మనీలో కృత్రిమ నీలి అమ్మకానికి రావడంతో నీలి పంట చాలావరకు కనుమరుగయింది.

లైను ఇళ్ళ తెలుపు

ఇక మన కథకు వద్దాం. మా అమ్మమ్మ 1938కి ముందే పెరాక్ దక్షిణాన ఒక కొబ్బరి తోటకు వచ్చింది. ఆ సంవత్సరంలోనే ఇండియా ప్రభుత్వం తోటకూలీలను మలయాకు పంపడం నిలిపివేసింది. ఇక్కడ ఆమెకు దొరికింది లైను ఇల్లు. ఒకే కప్పు కింద వరుసగా గదులు, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం. సున్నం వేసే మనుషులు బాల్చీలతో వచ్చి లైనంతా ఒక్క రోజులో తెల్లగా పూసి వెళ్ళేవారట. గోడలు, స్తంభాలు, కాలువ గట్టు, చివరికి గడప కూడా! మలేరియా, విరేచనాలు మనుషులను తీసుకుపోతున్న కాలంలో ఆ సున్నం ఆరోగ్యానికి మంచిదే. కాని రంగు ఏదని ఇంట్లో ఉన్నవారిని అడిగినవారు లేరు. ఇల్లు తోటది, సున్నం తోటది. గోడమీద బొట్టు పెట్టినా కిరాణీ కోప్పడేవాడట. పని పోతే ఇల్లూ పోయేది.

ఒక శుక్రవారం, సున్నం ఇంకా ఆరకముందే అమ్మమ్మ గడపకు పసుపు రాసింది. రాస్తుండగానే అది ఎర్రగా మారిపోయింది. చిన్నపిల్లగా ఉన్న మా అమ్మ భయపడి ఏడ్చిందట. పక్క గదిలోని ముసలామె వచ్చి చూసి, "ఏడవకు తల్లీ, గడప పారాణి పెట్టుకుంది" అన్నదట. నిజమే, పసుపుకు సున్నం తగిలితే ఎర్రబారుతుంది. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణి అలా తయారైనదే. ఆ రోజు నుంచి సున్నం వేసినవారు వెళ్ళగానే గడప కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టడం అమ్మమ్మ మానలేదు. ఆ లైనులో తన ఇష్టంతో ఆమె రంగు వేసుకోగలిగింది ఆ ఒక్క మూరెడు చెక్కకే.

డబ్బా రంగులు

తోటలు విడిచి పట్టణాలకు వచ్చిన తరువాత మన ఇళ్ళకు డబ్బా రంగులు వచ్చాయి. వాటి చరిత్ర కూడా తెలుసుకోదగ్గదే. ఇండియాలో మొదటి పెద్ద రంగుల కర్మాగారం షాలిమార్ వారిది. 1902లో కలకత్తా దగ్గర హౌరాలో వెలిసింది. ఏషియన్ పెయింట్స్ 1942లో బొంబాయిలో మొదలయింది. సుద్ద, బంక కలిపిన డిస్టెంపరు చౌక, కాని తడిగుడ్డ తగిలితే ఊడివస్తుంది. నూనె రంగు గట్టిది, మెరుపు ఎక్కువ. నీళ్ళతో కలిపే ఎమల్షన్ రెండవ ప్రపంచయుద్ధం తరువాత వ్యాపించింది.

పాత నూనె రంగుల్లో తెలుపుకోసం సీసం కలిపేవారు. అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇళ్ళ లోపల సీసపు తెలుపు వాడకాన్ని అరికట్టాలని 1921లోనే జెనీవాలో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. అయినా అమెరికాలో ఇళ్ళ రంగుల్లో దానిని నిషేధించింది 1978లో. ఇండియాలో పదిలక్షల వంతులకు 90 వంతులు మించరాదన్న నియమం 2017లో అమలులోకి వచ్చింది. ఇప్పటి తెలుపు చాలావరకు టైటానియంది. కాబట్టి పాత ఇల్లు కొన్నవారు తలుపులు, కిటికీల పాత రంగును పొడిగా గీకి ధూళి లేపకూడదు.

కొత్త ఇంటివారికి

కొత్త సిమెంటు పూత ఆరడానికి కనీసం నాలుగు వారాలు ఆగాలి. సిమెంటులోనూ సున్నపు ఘాటు ఉంటుంది. తొందరపడి నూనె రంగు వేస్తే అది సబ్బులా మారి ఊడిపోతుంది. మెరుపులేని రంగు గోడ వంకరలను దాచుతుంది, కాని మరకలు తుడవడం కష్టం. వంటింటికి, స్నానాల గదికి కాస్త మెరుపున్నదే మేలు. మన తేమకు బూజు పట్టని రకం అడగాలి. పుస్తకంలోని చిన్న ముక్క చూసి నిర్ణయించకుండా, రెండడుగుల మేర గోడమీద పూసి ఉదయం, మధ్యాహ్నం, దీపం వెలుగులో చూడాలి.

మా వాళ్ళు అలాగే చూశారు. హాలుకు లేత బూడిద, పడకగదికి నీలం కుదిరాయి. చిక్కు గడప దగ్గర వచ్చింది. కొత్త ఇంటికి గడపే లేదు, నేల పలకలు లోపలినుంచి బయటికి సాగిపోయాయి. అల్లుడుగారు వడ్రంగిని పిలిపించి మెరంతి చెక్కతో గడప చేయించారు. పసుపు త్వరగా వెలిసిపోతుంది, పసుపు ఎనామిల్ వేద్దామా అని అమ్మను అడిగారు. "వెలిసిపోనీ నాయనా. వెలిస్తేనే కదా వచ్చే శుక్రవారం ఎవరో ఒకరు వంగి రాస్తారు" అంది అమ్మ.

గృహప్రవేశం నాడు ఆ పసుపు రాసింది మా మనుమరాలు. తెలుగు చదవడం ఇంకా రాదు. అమ్మ వేలు పట్టి చూపిస్తుంటే, చెక్క ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక్క చోట కూడా వదలకుండా రాసింది.