సూర్య కరోనా: అయస్కాంత క్షేత్రాల ప్రభావం

సంపూర్ణ సూర్యగ్రహణ వేళ చంద్రబింబం చుట్టూ కనిపించే తెల్లని కాంతివలయం కరోనా. పది లక్షల డిగ్రీలు దాటిన ఆ వేడిలో వాయువు విద్యుదావేశ కణాలుగా విడిపోతుంది. అవి అయస్కాంత బలరేఖలను అడ్డంగా దాటలేక వాటి వెంబడే సాగుతాయి. రేఖలు వంగి తిరిగి సూర్యుణ్ని చేరే చోట వాయువు చిక్కుకుని కాంతి తోరణాలు, వాటిపై మొనదేలిన శిఖలు ఏర్పడతాయి. రేఖలు తెరుచుకున్న చోట అది సౌరపవనమై వెళ్లిపోతుంది. ఆ భాగం మసకగా ఉంటుంది.

అయస్కాంత క్షేత్రాలతో ముడిపడిన సూర్యమచ్చలు తగ్గిన ఏళ్లలో శిఖలు మధ్యరేఖ దగ్గరే ఉంటాయి. మచ్చలు ముమ్మరమైన కాలంలో వచ్చిన 1980 ఫిబ్రవరి 16 గ్రహణంలో మాత్రం అవి అన్ని దిక్కులా విస్తరించాయి. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెంలో అమెరికాకు చెందిన హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ తీసిన అపురూపమైన ఛాయాచిత్రం దీన్ని స్పష్టంగా చూపుతుంది. లోపలి తీవ్రకాంతిని తగ్గించే ఫిల్టర్ వాడటంతో బయటి సన్నని శిఖలూ అందులో నమోదయ్యాయి.