మార్క్విస్ అంటే పొలిమేర దొర

బొబ్బిలి కథ విన్నవారికి బుస్సీ దొర తెలుసు. ఆ ఫ్రెంచి సేనానికి ఉన్న బిరుదు 'మార్కీ'. దాన్నే ఇంగ్లీషువారు 'మార్క్విస్' అంటారు.

పాత జర్మానిక్ భాషల్లో 'మార్కా' అంటే పొలిమేర. 814లో మరణించిన షార్లమేన్ చక్రవర్తి రాజ్యపు అంచుల్లో 'మార్చ్' అనే సరిహద్దు మండలాలు ఉండేవి. స్పెయిన్ వైపున్నది అలాంటిదే. లోపలి సీమ ఏలే కౌంట్ కంటే పొలిమేర కాచే దొరకు సైన్యమూ, స్వతంత్రమూ ఎక్కువ. శత్రువు మీద పడితే రాజాజ్ఞ కోసం ఆగే వీలుండదు కదా!

క్రమంగా కాపలా పోయింది, హోదా మిగిలింది. 1385లో ఇంగ్లండు రాజు రెండవ రిచర్డ్ ఇచ్చిన తొలి మార్క్విస్ బిరుదు డబ్లిన్ పేరిట ఉంది. ఫ్రాన్సులో 1790లో విప్లవ ప్రభుత్వం ఇలాంటి బిరుదులన్నీ రద్దు చేసింది.

పొలిమేరవారంటే చివరివారని రాజధానులు అనుకోవచ్చు. ఈ మాట పుట్టుక మాత్రం, పొలిమేరమ్మలాగా, వారే ముందు నిలిచినవారని చెబుతోంది.