తుప్పుపట్టని బోల్టు, బ్రేకు బలము

సముద్రతీరమందలి పట్టణములలో మోటారుసైకిళ్లను నడపువారికి ఒక సంగతి బాగుగా తెలియును. బండి క్రొత్తదే యైనను, రెండు మూడు వానకాలములు గడచునప్పటికి దాని బ్రేకును పట్టియుంచు బోల్టుల తలలు ఎఱ్ఱబారును. ఉప్పుగాలి, వాననీరు, రోడ్డుమీది బురద కలిసి వానిని మెల్లమెల్లగా తినివేయుచుండును. అదే యింటి వంటగదిలో స్టీలు గిన్నెలు పదేండ్లైనను తళతళలాడుచుండును. ఆ గిన్నెల లోహముతో చేసిన బోల్టులను బ్రేకునకు బిగించినచో తుప్పు బాధ తీరిపోవును గదా యని తోచుట సహజము. అట్టి బోల్టులు అంగడిలో దొరకును, కొలత సరిపోవును, మర కూడ చక్కగా ఎక్కును. అనేక దేశములలో మోటారుసైకిలు యజమానులు ఈ మార్పును స్వయముగా చేసికొనుచున్నారు.

అయితే బోల్టు మరలోనికి ఎక్కుట వేరు, ఆ పనికి తగియుండుట వేరు. తుప్పును ఎదిరించు గుణము, బలమును ఓర్చుకొను గుణము అను ఈ రెండును ఉక్కునకు ఒకే మార్గమున లభించినవి కావు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క చరిత్ర కలదు. ఆ చరిత్రను తెలిసికొన్నచో బ్రేకు బోల్టును మార్చుటలోని మంచిచెడ్డలు సులభముగా బోధపడును.

మరల కొలత కుదిరిన విధము

ఒక దుకాణములో కొన్న బోల్టు మరియొక దేశములో తయారైన యంత్రమునకు సరిపోవుట నేడు వింతగా తోచదు. రెండువందల యేండ్ల క్రిందట అది సాధ్యము కాదు. ఆనాడు ఒక్కొక్క కర్మశాలలో మరలను ఒక్కొక్క తీరున కోసెడివారు. ఒక బోల్టునకు తగిన నట్టు దాని జత నట్టు మాత్రమే. 1800 ప్రాంతమున లండను నగరమున హెన్రీ మాడ్‌స్లే అను యంత్రశిల్పి, మరలను ఒకే తీరుగా కోయగల లేతు యంత్రమును సిద్ధపరచెను. ఆయన కర్మశాలలో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్, దేశమంతటికిని ఒకే కొలత మరలుండవలెనని 1841లో ప్రతిపాదించెను. ఆయన నిర్ణయించిన మర కోణము 55 డిగ్రీలు. 1864లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణమును సూచించెను. నేటి మెట్రిక్ మరల కోణమును 60 డిగ్రీలే.

ఈ ఏకరూపత వలన యంత్రములను బాగుచేయుట ఎంతో సులభమయ్యెను. కాని దానిలో ఒక ప్రమాదమును దాగియున్నది. మర ఆకారము బోల్టు కొలతను మాత్రమే తెలుపును. అది యే లోహముతో చేయబడినదో, ఎంత బలమునకు తాళగలదో తెలుపదు.

అలారం నౌక నేర్పిన పాఠము

ఒక లోహమునకు మరియొక లోహపు చీలను బిగించిన నేమగునో బ్రిటిషు నౌకాదళము 18వ శతాబ్దమునందే తెలిసికొన్నది. ఆ కాలపు ఓడలు చెక్కవి. ఉష్ణసముద్రములలో తిరుగునప్పుడు పురుగులు ఆ చెక్కను తొలిచివేయుచుండెడివి. దీనికి విరుగుడుగా 1761లో అలారం అను యుద్ధనౌక అడుగుభాగమునకు పలుచని రాగిరేకులను కప్పి, వానిని ఇనుపమేకులతో బిగించిరి. ఆ నౌక వెస్టిండీసు సముద్రములలో తిరిగివచ్చిన తరువాత 1763లో పరీక్షింపగా, పురుగుల బాధ తగ్గినది కాని పెక్కు ఇనుపమేకులు ముద్దవలె మెత్తబడి పాడైపోయి యుండెను. కొన్ని చోట్ల రేకులు ఊడిపోయినవి. ఆశ్చర్యమేమన, కొన్ని మేకులు మాత్రము చెక్కుచెదరకుండెను. రేకులకు చుట్టివచ్చిన గోధుమరంగు కాగితము ఆ మేకులకును రాగికిని నడుమ చిక్కుకొని యుండుటయే దానికి కారణము.

ఉప్పునీటిలో ఇనుమును రాగిని తాకనీయరాదని పరీక్షకులు గ్రహించిరి. కాని ఎందుకో వారికి తెలియదు. 1800లో ఓల్టా తన విద్యుద్ఘటమును లోకమునకు తెలిపిన పిమ్మట ఆ కారణము క్రమముగా బోధపడెను. రెండు వేర్వేరు లోహములు ఒకదానినొకటి తాకుచు ఉప్పునీటిలో నుండిన, అదియే ఒక చిన్న విద్యుద్ఘటము. అందులో ఒక లోహము క్షయించును, రెండవది నిలిచియుండును. కనుక ఒక లోహపు ఆయుర్దాయము దాని స్వభావము మీదనే గాక, దాని పొరుగున ఉన్న లోహము మీద కూడ ఆధారపడియుండును.

గిన్నెల ఉక్కు పుట్టుక

క్రోమియము అను లోహమును ఫ్రెంచి రసాయనవేత్త వోక్లాఁ 1797లో కనుగొనెను. ఇనుములో క్రోమియమును కలిపిన ఆ మిశ్రమలోహము ఆమ్లములకు లొంగదని 1821లో బెర్తియే గమనించెను. అయితే అప్పటి మిశ్రమములలో కర్బనము ఎక్కువగా నుండుటచే అవి పెళుసుగా ఉండి పనికి రాలేదు.

1912లో ఇంగ్లండునందలి షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ అను పరిశోధకునకు ఒక పని అప్పగింపబడెను. తుపాకి గొట్టముల లోపలి భాగము త్వరగా అరిగిపోకుండ చేయు ఉక్కును కనిపెట్టుట ఆ పని. ఆయన సుమారు 13 శాతము క్రోమియము గల ఉక్కును 1913 ఆగస్టులో పోతపోయించెను. సూక్ష్మదర్శినితో పరీక్షించుటకు దానిపై ఆమ్లమును పూయగా, మామూలు ఉక్కువలె అది లొంగలేదు. తుపాకులకన్న ముందుగా ఈ ఉక్కు కత్తులకు పనికివచ్చునని బ్రియర్లీ ఊహించెను. షెఫీల్డు కత్తులవారు మొదట నమ్మలేదు. దానిని సాగగొట్టుట, పదునుపెట్టుట వారికి కష్టమయ్యెను. తెగని కత్తులను కనిపెట్టినవాడని ఆయనను ఎగతాళి చేసిరి. తగిన వేడి యెంతయో తెలిసిన తరువాత గాని ఆ కత్తులు వాడుకలోనికి రాలేదు.

ఇంచుమించు అదే కాలమున జర్మనీలోని ఎస్సెను నగరమున, క్రుప్ సంస్థ ప్రయోగశాలలో స్ట్రాస్, మౌరర్ అనువారు క్రోమియముతోపాటు నికెలును కలిపి మరియొక ఉక్కును సాధించిరి. 1912లోనే దానికి పేటెంటు కోరిరి. తరువాతి కాలమున 18 శాతము క్రోమియము, 8 శాతము నికెలు గల ఉక్కు ఈ జాతికి ప్రసిద్ధమైన నమూనా అయ్యెను. నేటి మంచి స్టీలు గిన్నెలు, అంగడిలో దొరకు మెఱుగు బోల్టులు అధికభాగము ఈ రెండవ జాతికే చెందినవి.

ఈ ఉక్కునకు తుప్పు పట్టకపోవుటకు కారణము దానిపై నేర్పడు క్రోమియము ఆక్సైడు పొర. దాని మందము మిల్లీమీటరులో పదిలక్షలవ వంతులు రెండు మూడు మాత్రమే. గీత పడినను గాలిలోని ఆక్సిజను తగులగానే అది మరల ఏర్పడును. కాని గాలి చొరని ఇరుకు సందులలో, ఉప్పునీరు నిలిచిన చోట, ఆ పొర తిరిగి ఏర్పడుట కష్టము. బోల్టు మర సరిగా అట్టి ఇరుకు చోటే.

బలమునకు వేరొక మార్గము

కమ్మరి గొడ్డలికి పదునుపెట్టు విధానము పల్లెలలో చాలమందికి తెలియును. ఉక్కును ఎఱ్ఱగా కాల్చి, నీటిలోనో నూనెలోనో ముంచి, మరల కొంత వేడిచేసిన యెడల అది గట్టితనమును, విరగని గుణమును పొందును. బ్రేకులకు వాడు బోల్టులు ఈ విధానమునకే శాస్త్రీయరూపము. నికెలు కలిసిన గిన్నెల ఉక్కును ఎంత కాల్చి ముంచినను అది గట్టిపడదు. చల్లగా నున్నప్పుడు లాగి నొక్కినచో మాత్రమే కొంత బలమును పొందును. రెండింటికిని గల ముఖ్యభేదమిదియే.

ఈ భేదము బోల్టు తలపైననే వ్రాయబడియుండును. మామూలు ఉక్కు బోల్టుపై 8.8 అని యున్నచో, మొదటి అంకె ప్రకారము అది తెగుటకు చదరపు మిల్లీమీటరునకు 800 న్యూటనుల లాగుడు కావలెను. రెండవ అంకె ప్రకారము అందులో పదింట ఎనిమిది వంతులు, అనగా 640 న్యూటనుల వరకు, అది శాశ్వతముగా సాగక తిరిగి మొదటి పొడవునకు వచ్చును. తుప్పుపట్టని బోల్టుపై సాధారణముగా ఏ2-70 అని యుండును. అది తెగుటకు 700 న్యూటనులు చాలును. సుమారు 450 న్యూటనులకే అది శాశ్వతముగా సాగనారంభించును.

బ్రేకునందలి లెక్క

డిస్కు బ్రేకు ఆలోచన క్రొత్తది కాదు. 1902లో ఇంగ్లండునందు లాంచెస్టరు దానికి పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెమున డిస్కు బ్రేకులు గల జాగ్వారు కారు గెలిచిన తరువాత వానికి పేరు వచ్చెను. 1969లో హోండా సంస్థ సీబీ 750 మోటారుసైకిలు ముందుచక్రమునకు ద్రవపీడనముతో పనిచేయు డిస్కు బ్రేకును అమర్చి విరివిగా అమ్మెను. నాటినుండి రెండు చక్రముల బండ్ల బ్రేకు బోల్టులపై భారము పెరిగినది.

ఆ భారమెంతయో ఒక ఊహాలెక్కతో చూడవచ్చును. బండి, మనిషి కలిసి 250 కిలోగ్రాములనుకొందము. గట్టిగా బ్రేకు వేయగా వేగము సెకనుకు 8 మీటర్ల చొప్పున తగ్గినచో, కావలసిన బలము 2,000 న్యూటనులు. ఇదంతయు ముందుచక్రము మీదనే పడినదనుకొందము. చక్రపు వ్యాసార్ధము 30 సెంటీమీటర్లు, బ్రేకు డిస్కును పట్టు చోటు ఇరుసునుండి 12 సెంటీమీటర్లు అయినచో, బ్రేకును పట్టియుంచు బోల్టుల వద్ద బలము రెండున్నర రెట్లు, అనగా 5,000 న్యూటనులు. ఇది సుమారు 500 కిలోగ్రాముల బరువుతో సమానము.

బోల్టు ఈ బలమును అడ్డముగా నిలిచి ఆపదు. బిగించినప్పుడు అది స్ప్రింగువలె కొద్దిగా సాగి, రెండు భాగములను గట్టిగా నొక్కును. ఆ నొక్కుడు వలన కలుగు ఘర్షణయే భాగములను జారనీయదు. ఘర్షణ గుణకము 0.2 అయినచో 5,000 న్యూటనులను నిలుపుటకు 25,000 న్యూటనుల నొక్కుడు కావలెను. 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండున్నచో ఒక్కొక్కటి 12,500 న్యూటనులను ఇయ్యవలెను. అట్టి బోల్టు మర వైశాల్యము సుమారు 36.6 చదరపు మిల్లీమీటర్లు. సాగు హద్దులో ముప్పాతిక వంతు వరకు బిగించుట వాడుక. ఆ లెక్కన 8.8 బోల్టు సుమారు 17,500 న్యూటనులు ఇచ్చును. ఏ2-70 బోల్టు 12,350 మాత్రమే ఇచ్చును. మొదటిదానిలో చాలినంత మిగులు కలదు. రెండవదానిలో ఏమియు లేదు.

పోనీ, మెఱుగు బోల్టును కూడ పాతదానివలెనే 17,500 న్యూటనుల వరకు బిగించినచో? దాని సాగు హద్దు 16,500 న్యూటనులలోపే. అది శాశ్వతముగా సాగిపోవును. పైగా ఈ ఉక్కు మరలు రెండు ఒకదానితో నొకటి రాసికొనునప్పుడు పైపొర చెదరి, లోహములు అతుకుకొని బిగిసిపోవుట కలదు. అందుకై గ్రీజువంటి లేపమును పూసినచో ఘర్షణ తగ్గి, పానాతో అంతే బలముగా త్రిప్పినను బోల్టు మరింత సాగును. ఆ లేపము డిస్కునకు అంటినచో బ్రేకే పట్టదు.

అల్యూమినియముతో పొత్తు

బ్రేకు భాగములు తరచుగా అల్యూమినియముతో పోతపోయబడును. ఉప్పునీటిలో తుప్పుపట్టని ఉక్కు నిలిచియుండి, దాని పొరుగున ఉన్న అల్యూమినియము క్షయించును. అలారం నౌకలో చిన్న మేకు నశించి పెద్ద రేకు నిలిచెను. ఇచట చిన్న బోల్టు నిలిచి పెద్ద భాగము దెబ్బతినును. క్షయము పెద్ద భాగమున పడుటచే అంత వేగముగా సాగదు. కాని మర సందులలో తెల్లని పొడి పేరుకొని బోల్టు బిగుసుకొనును. విప్పబోయినప్పుడు అల్యూమినియము మర ఊడివచ్చును. బోల్టు మాత్రము క్రొత్తదివలె మెఱయుచునే యుండును.

మెఱుపును నమ్మరాదనుటకు 1985లో స్విట్జర్లండునందలి ఊస్టరు పట్టణమున జరిగిన దుర్ఘటన సాక్ష్యము. అచట ఈతకొలను మీది కాంక్రీటు లోకప్పును తుప్పుపట్టని ఉక్కు కడ్డీలు వ్రేలాడదీసి పట్టియుండెను. మే 9వ తేదీన ఆ లోకప్పు కూలి 12 మంది మరణించిరి. కొలను గాలిలోని క్లోరైడులు, ఎడతెగని లాగుడు కలిసి ఆ కడ్డీలలో పగుళ్లు పుట్టించినవి. ఇట్టి పగులు ఉక్కు పైకి అంతగా పాడైనట్లు కనిపించకుండగనే లోనికి ప్రాకగలదు. బ్రేకు బోల్టు పరిస్థితి ఈతకొలనుది కాదు. అయినను తుప్పు కనిపించనంతమాత్రమున లోహము క్షేమముగా నున్నదని తలచరాదని ఆ సంఘటన ఇంజనీర్లకు నేర్పినది.

ఏమి చేయవలెను?

నంబరు పలక, అద్దము, మడ్గార్డు వంటి తేలిక భాగములకు మెఱుగు బోల్టులు పెట్టుకొనవచ్చును. బ్రేకునకు మాత్రము తయారీదారు నిర్ణయించిన తరగతి బోల్టునే వాడవలెను. తుప్పుపట్టినదానిని తీసివేసి అదే తరగతి క్రొత్తదానిని, నిర్ణయించినంత మాత్రమే బిగింపవలెను. అట్టి బోల్టులపై తరచు జింకు పూత యుండును. ఆ జింకు తాను క్షయించి ఉక్కును కాపాడును.

దీనిని పాఠశాలలో సులభముగా చూపవచ్చును. మూడు ఇనుపమేకులను తీసికొని, ఒకదానికి రాగితీగను, ఒకదానికి జింకురేకును గట్టిగా చుట్టి, మూడవదానిని అట్లే యుంచి, మూడు గాజుగ్లాసుల ఉప్పునీటిలో వేయవలెను. కొన్ని దినములకు రాగి చుట్టిన మేకు అన్నిటికన్న ఎక్కువగా తుప్పుపట్టును. జింకు చుట్టినది నిలిచియుండును. అలారం నౌక కథయు, బ్రేకు బోల్టు పూత రహస్యమును ఆ మూడు గ్లాసులలో విద్యార్థులకు కనిపించును. ఆ పిమ్మట వారిచేత ఒక బోల్టు తలపైనున్న అంకెలను చదివించి, దాని సాగు హద్దును లెక్కకట్టించినచో పాఠము పూర్తియగును.