శంఖం: జీవి, గుల్ల, చిహ్నం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
భారతీయ సాహిత్యంలో శంఖం మంగళచిహ్నంగా, విష్ణ్వాయుధంగా, యుద్ధనాదంగా విస్తృతంగా వర్ణితమైంది. అయితే శంఖం ఒకానొక సముద్రపు నత్త తన దేహరక్షణకై నిర్మించుకున్న కర్పరమనే విషయం మన సాహిత్య, సంస్కృతి పరిశోధనల్లో తగినంత చోటు పొందలేదు. శంఖజీవి జీవలక్షణాలు, పరిణామం, దక్షిణావర్త పరిభాషలోని చిక్కు, శంఖపు గాజుల పరిశ్రమ చరిత్ర అనే అంశాలను ఈ వ్యాసం పరస్పర సంబంధంతో పరిశీలిస్తుంది. జీవి పునరుత్పత్తి విధానమే దాని భౌగోళిక పరిధిని, ఆ పరిధి దాని వాణిజ్య చరిత్రను నిర్ణయించాయని ప్రతిపాదించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: శంఖం, టర్బినెల్లా పైరం, దక్షిణావర్తం, మన్నారు సింధుశాఖ, హరప్పా నాగరికత, శంఖపు గాజులు.

1. ప్రవేశిక:
భగవద్గీత ప్రథమాధ్యాయంలో పాంచజన్యం, దేవదత్తం, పౌండ్రం, అనంతవిజయం, సుఘోషం, మణిపుష్పకం అని ఆరు శంఖాలకు పేర్లున్నాయి. ఒక వస్తువుకు వ్యక్తినామం ఉండటం దాని గౌరవానికి గుర్తు. కుబేరుని నవనిధుల్లో శంఖం ఒకటి. జైనంలో ఇరవైరెండవ తీర్థంకరుడైన నేమినాథుని లాంఛనం శంఖం. బౌద్ధుల అష్టమంగళ చిహ్నాల్లోనూ దానికి స్థానముంది. ఇన్ని మతాలు ఆదరించిన ఈ వస్తువు ఎక్కడ పుట్టింది, ఎవరు వెలికితీశారు, ఎవరు కోశారు అనే ప్రశ్నలను మాత్రం సాహిత్య పరిశోధన అరుదుగా వేసుకుంది.

ఈ ప్రశ్నలకు మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1914లో ప్రచురించిన బృహద్రచన మొదటి సమగ్ర సమాధానం. శంఖజీవి, దాని వేట, గాజుల పరిశ్రమ, మతాచారాలు ఈ నాలుగింటినీ ఆయన ఒకేచోట చేర్చాడు. తరువాతి కాలంలో జీవశాస్త్రజ్ఞులు ఒకవైపు, పురావస్తు పరిశోధకులు మరొకవైపు ఈ విషయాన్ని వేర్వేరుగా ముందుకు తీసుకెళ్లారు. ఆ రెండు పాయలను తిరిగి కలిపి చూడవలసిన అవసరం ఉంది.

2. శంఖజీవి – స్వరూపం, జీవనం:
శంఖజీవి మొలస్కా వర్గంలోని గాస్ట్రోపోడా తరగతికి చెందింది. లిన్నేయస్ 1767లో దీనిని వొల్యూటా పైరం అన్నాడు. ‘పైరం’ అంటే బేరిపండు. గుల్ల ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. ప్రస్తుతం దీని శాస్త్రీయనామం టర్బినెల్లా పైరం. మధ్యలో కొంతకాలం శాస్త్రగ్రంథాల్లో ‘జాంకస్’ అనే ప్రజాతినామం వాడుకలో ఉండేది. శంఖ శబ్దానికి వికారరూపమైన ‘చాంక్’ నుండి వచ్చిన పేరది. లాటిన్ నామావళిలోకి ఒక భారతీయ పదం ప్రవేశించి, నామకరణ నియమాల కారణంగా తిరిగి తొలగిపోవడం గమనార్హం.

పూజామందిరంలో కనిపించే తెల్లని నునుపు ఈ గుల్లకు సముద్రంలో ఉండదు. బతికున్న శంఖం మీద గోధుమరంగు పైపొర మందంగా కప్పి ఉంటుంది. దానిని తొలగిస్తేనే పింగాణీ వంటి తెలుపు బయటపడుతుంది. గుల్ల లోపలి నడిమి స్తంభం మీద మూడు నాలుగు అడ్డుమడతలుంటాయి. ఈ జాతిని గుర్తించడానికి అవి నమ్మదగిన ఆనవాళ్లు. జీవి దేహాన్ని లోపలికి ముడుచుకున్నప్పుడు కొమ్ము వంటి పదార్థంతో తయారైన మూత ద్వారాన్ని మూసివేస్తుంది.

ఇది ఇసుక అడుగున్న నిస్సార సముద్రంలో నివసిస్తుంది. ఇసుకలో దాగిన పాలీకీటా పురుగులు దీని ఆహారం. దేవాలయంలో పవిత్రమైన ఈ గుల్లను మోసిన జీవి మాంసాహారి కావడం చదువరికి వింతగా తోచవచ్చు.

ఈ జీవుల్లో ఆడ, మగ వేరు. ఫలదీకరణ దేహాంతర్భాగంలో జరుగుతుంది. ఆడజీవి పొట్టేలు కొమ్మును పోలిన మెలితిరిగిన గుడ్ల సంపుటిని విడిచి, దాని కొనను ఇసుకలో పాతుతుంది. అనేక సముద్రపు నత్తల పిల్లలు డింభకదశలో నీటిపై తేలుతూ ప్రవాహాల వెంట దూరతీరాలకు చేరుతాయి. శంఖానికి ఆ స్వేచ్ఛాడింభక దశ లేదు. సంపుటిలోనే ఎదిగి, చిన్న గుల్లతో పాకే పిల్లగానే అది బయటికి వస్తుంది. కనుక పుట్టినచోటి నుండి ఎక్కువ దూరం పోలేదు. ఈ ఒక్క లక్షణాన్ని చరిత్రకారులు విస్మరించరాదు. శంఖం దొరికే తీరాలు పరిమితం కావడానికి, ఒకచోట అతిగా వేటాడితే ఆ లోటు పక్క తీరం నుండి త్వరగా పూడకపోవడానికి మూలం ఇందులోనే ఉంది.

3. పరిణామ నేపథ్యం:
శంఖం నియోగాస్ట్రోపోడా అనే సమూహానికి చెందింది. వేటాడి తినే సముద్రపు నత్తల్లో అధికభాగం ఈ సమూహానివే. క్రెటేషియస్ కాలంలో ఈ సమూహం విస్తృతంగా శాఖోపశాఖలైంది. గుల్లలను పగులగొట్టే పీతలు, చేపలు బలపడిన కొద్దీ గుల్లలు కూడా మందంగా, దృఢంగా మారడం సముద్రజీవుల పరిణామంలో ప్రసిద్ధమైన అంశం. శంఖపు గుల్ల గట్టిదనాన్ని ఆ సుదీర్ఘ సంఘర్షణ నేపథ్యంలో అర్థం చేసుకోవచ్చు.

గాస్ట్రోపోడాల గుల్ల ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. సుద్దముక్క కూడా అదే పదార్థం. అయినా సుద్ద వేళ్ల మధ్య విరుగుతుంది, గుల్ల విరగదు. సూక్ష్మఫలకాలు ఒక పొరలో ఒక దిశలో, పక్క పొరలో దానికి అడ్డంగా పేర్చి ఉండటం వల్ల పగులు నేరుగా సాగలేక మలుపులు తిరిగి శక్తిని కోల్పోతుంది. కరీబియన్ రాణీశంఖంపై జరిగి 2000లో వెలువడిన పరిశోధన ఈ నిర్మాణ రహస్యాన్ని వివరించింది. గాజుగా కోసినా గుల్ల పెళుసుగా విడిపోకుండా నిలవడానికి ఇటువంటి అల్లికే ఆధారం.

టర్బినెల్లా ప్రజాతికి చెందిన జాతులు భారతసముద్రంలోనే కాక కరీబియన్, బ్రెజిల్ తీరాల్లోనూ ఉన్నాయి. మెక్సికో ప్రాంతపు మాయా ప్రజలు టర్బినెల్లా అంగ్యులేటా గుల్లను ఊదే వాద్యంగా వాడారు. పరస్పర పరిచయం లేని రెండు నాగరికతలు ఒకే ప్రజాతి నత్త నుండి పవిత్రనాదాన్ని పలికించాయి. శిఖరాన్ని కోస్తే క్రమంగా వెడల్పయ్యే మెలికల గొట్టం సిద్ధంగా లభించడం ఈ సామ్యానికి భౌతిక కారణం.

4. దక్షిణావర్తం – పరిభాషలోని చిక్కు:
తెలుగు పరిశోధకులు ప్రత్యేకంగా జాగ్రత్త వహించవలసిన అంశమిది. దక్షిణావర్తమంటే ‘కుడివైపు తిరిగిన శంఖం’ అని అర్థం చెప్పుకుంటాం. దీనిని శాస్త్రపరిభాషలోని ‘కుడిచుట్టు గుల్ల’తో సమానంగా భావిస్తే అర్థం తలకిందులవుతుంది.

శాస్త్రజ్ఞులు గుల్ల శిఖరాన్ని పైకి, నోటిని తమవైపు ఉంచి చూస్తారు. నోరు కుడిపక్కన ఉంటే అది కుడిచుట్టు. సాధారణ శంఖాలన్నీ ఈ కోవకు చెందినవే. సంప్రదాయ పరిభాషలో కాలువ ఉన్న కొనను పైకి పెట్టి చూస్తారు. అప్పుడు అదే శంఖపు నోరు ఎడమవైపుకు వస్తుంది. కనుక సాధారణ శంఖం వామావర్తం. అత్యంత అరుదుగా దొరికే, శాస్త్రం ఎడమచుట్టు అని పిలిచే గుల్లే మన దక్షిణావర్తం, తమిళుల వలంపురి. గుల్ల మెలిక ఎటు తిప్పి చూసినా మారదు. మారేది పట్టుకునే తీరు. కాబట్టి ఇక్కడ సంప్రదాయం గాని, శాస్త్రం గాని పొరబడలేదు. రెండు కొలమానాలను ఒకటిగా భావించే అనువాదకులే పొరబడతారు.

ఎడమచుట్టు ఎలా పుడుతుంది? మంచినీటి నత్తలపై జరిగిన ప్రయోగాల ఫలితాలను 1923లో స్టర్టివాంట్ వివరించాడు. నత్త చుట్టు దిశను నిర్ణయించేది దాని సొంత జన్యువులు కాదు, తల్లి జన్యువులని ఆయన తేల్చాడు. మంచినీటి నత్తలో దీనికి సంబంధించిన ఫార్మిన్ జన్యువు 2016లో వెలుగులోకి వచ్చింది. 2019లో జపాన్ పరిశోధకులు జన్యుసవరణ ద్వారా ఆ జన్యువు పాత్రను నిర్ధారించారు. పిండంలో తొలి కణవిభజనల దశలోనే దిశ స్థిరపడుతుంది. విరుద్ధదిశలో చుట్టుకున్న జీవికి జత కుదరడం కష్టమని నేలనత్తలపై జరిగిన పరిశోధనలు చూపాయి. అరుదైన రూపం అరుదుగానే మిగిలిపోవడానికి ఇదొక కారణం.

ఈ అరుదుదనమే మోసానికి అవకాశమిచ్చింది. అమెరికా ఆగ్నేయతీరంలో, మెక్సికో సింధుశాఖలో ‘లైట్నింగ్ వెల్క్’ అనే నత్త సహజంగానే ఎడమచుట్టుది. దాని గుల్లలు మన విపణిలో దక్షిణావర్త శంఖాలుగా అమ్ముడవుతున్నాయి. నడిమి స్తంభం మీద అడ్డుమడతలు లేకపోవడం వాటిని గుర్తించే తేలికైన మార్గం. జీవశాస్త్ర పరిజ్ఞానం భక్తునికీ ఉపకరించే సందర్భమిది.

5. గాజుల చరిత్ర – తీరం నుండి ముంజేతి వరకు:
శంఖం నాదానికి ముందే ఆభరణమైంది. సముద్రానికి చాలా దూరంగా బెలూచిస్తాన్‌లో ఉన్న మెహర్‌గఢ్ నవీనశిలాయుగ సమాధుల్లో శంఖపు ఆభరణాలు లభించాయి. హరప్పా నాగరికతాకాలం నాటికి ఇది వ్యవస్థీకృతమైన పరిశ్రమగా ఎదిగింది. కచ్ సింధుశాఖ దక్షిణతీరంలోని నాగేశ్వర్‌లో 1983–84లో జరిగిన తవ్వకాల్లో శంఖపు పనివారి కార్యశాలలు బయటపడ్డాయి. జొనాథన్ మార్క్ కెనోయర్ ఆ వ్యర్థాలపై రంపపు గుర్తులను పరిశీలించి, వంపు అంచుగల పొడవాటి కంచురంపాన్ని ఆనాటివారు వాడినట్లు ప్రతిపాదించాడు. ఆ రంపం ఇటీవలి కాలపు బెంగాలీ శంఖపు పనివారి అర్ధచంద్రాకార రంపాన్ని పోలి ఉంటుంది. ఒక వృత్తి పనిముట్టు రూపంలో వేల ఏళ్ల పోలిక కనిపించడం విశేషం.

దక్షిణాదిన మన్నారు సింధుశాఖ, పాక్ జలసంధి ప్రాంతాలు శంఖానికి ప్రధాన నిలయాలు. తామ్రపర్ణీ ముఖద్వారంలోని కొర్కై పాండ్యుల రేవుగా ముత్యాలకు, శంఖాలకు ప్రసిద్ధి పొందింది. ఈ తీరంలో మునిగి శంఖాలు తీసినవారు ప్రధానంగా పరవలు. 1530వ దశకంలో పోర్చుగీసు రక్షణ కోరి వారు క్రైస్తవాన్ని స్వీకరించారు. 1658లో డచ్చివారు తూత్తుకుడిని ఆక్రమించారు. ఆపై ఆంగ్లేయ ప్రభుత్వమూ శంఖాల వేటను తన గుత్తాధిపత్యంలో ఉంచుకుంది. పాలకులు మారినా గుత్తాధిపత్యం కొనసాగడానికి జీవలక్షణమే ఆధారం. కొద్దిపాటి తీరంలో మాత్రమే సమృద్ధిగా దొరికే వస్తువును అదుపులో పెట్టడం ఏ రాజ్యానికైనా సులభం.

వేట దక్షిణాన జరిగితే, గిరాకీ బెంగాల్లో ఉండేది. అక్కడ వివాహిత స్త్రీకి తెల్లని శంఖపు గాజులు సౌభాగ్యచిహ్నం. ఢాకాలోని శంఖారీ బజారు ఈ వృత్తివారి పేరనే వెలసింది. పదిహేడవ శతాబ్దంలో ఢాకాను దర్శించిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ పరిశ్రమను పేర్కొన్నాడు. కాళ్లతో గుల్లను అదిమిపట్టి బరువైన రంపంతో గంటల తరబడి కోయడం, గుల్లధూళిని పీల్చడం ఈ వృత్తిలోని కష్టాలు. క్రైస్తవుడైన పరవ మునిగి తీయగా, వేరొక మతానికి చెందిన పాలకుడు పన్ను వసూలు చేయగా, బెంగాలీ పనివాడు కోయగా ఒక హిందూ వధువు ముంజేతికి గాజు చేరింది. చిహ్నాన్ని మాత్రమే చూసే దృష్టికి ఈ శ్రమశృంఖల కనిపించదు.

6. తెలుగు వ్యవహారంలో శంఖం:
తెలుగుదేశంలో శంఖం దేవాలయానికే పరిమితం కాలేదు. ఇంటింటికీ తిరిగే దాసరుల చేతిలో జేగంటకు తోడుగా అది మోగింది. అంత్యక్రియల్లోనూ దాని ధ్వని వినిపించింది. ఒకే నాదం మంగళానికీ మరణానికీ వర్తించడం గమనించదగింది. ‘శంఖంలో పోస్తేగాని తీర్థం కాదు’ అనే సామెత వస్తువుకు అధికారం ఎలా వస్తుందో చెబుతుంది. ‘చెవిటివాని ముందు శంఖమూదినట్లు’ అనేది నిష్ప్రయోజన ప్రయత్నాన్ని సూచిస్తుంది. తిరుమల మహాద్వారం వద్ద శంఖనిధి, పద్మనిధి మూర్తులు కొలువై ఉన్నాయి.

శబ్దవిషయంలో ఒక సవరణ అవసరం. ‘శంకుస్థాపన’ను ‘శంఖుస్థాపన’ అని రాయడం నేడు పరిపాటి అయింది. ఇందులోని శంకువు అంటే మేకు, కొయ్యగూటం. దానికి శంఖంతో సంబంధం లేదు. శంఖానికున్న మంగళత్వం ధ్వనిసామ్యం వల్ల మరొక పదాన్ని కూడా ఆక్రమించిందని చెప్పవచ్చు.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:
• స్వేచ్ఛాడింభక దశ లేకపోవడం శంఖజీవి పరిధిని పరిమితం చేసింది. ఆ పరిమితియే గుత్తాధిపత్యానికి, దూరవాణిజ్యానికి దారితీసింది.
• సంప్రదాయంలోని దక్షిణావర్తం శాస్త్రపరిభాషలో ఎడమచుట్టు. నిఘంటుకారులు, అనువాదకులు ఈ భేదాన్ని పాటించాలి.
• శంఖపు గాజుల చరిత్ర మతాల సరిహద్దులను దాటిన శ్రామికచరిత్ర.

మన్నారు సింధుశాఖలో 1986లో సముద్ర జాతీయోద్యానం ఏర్పడింది. అయినా నెమ్మదిగా వ్యాపించే ఈ జీవికి వలల ఒత్తిడి తప్పలేదు. ఊదడానికి గుల్ల కావాలంటే ముందు సముద్రంలో నత్త ఎదగాలి. శంఖాన్ని కేవలం ప్రతీకగా చదివే సాహిత్య విమర్శ ఈ మౌలిక సత్యాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చుకోవాలి. మన కావ్యాల్లోని ముత్యం, పగడం, లక్క, కస్తూరి వంటి జీవజన్య వస్తువులపై కూడా ఈ పద్ధతిలో పరిశోధనలు జరగవలసి ఉంది.