జనవరి 24

1757వ సంవత్సరము జనవరి 24వ తేదీ వేకువను బొబ్బిలికోటపై ఫ్రెంచివారి ఫిరంగులు మ్రోగినవని మనము నేడు తేదీతో సహా చెప్పగలుగుచున్నామన్నచో, దానికి కారకుడు ఆ యుద్ధమున పాల్గొననివాడును, ఆనాడు చెన్నపట్టణమున ఇంగ్లీషు కుంఫిణీ కొలువులో నుండినవాడును అగు రాబర్టు ఓర్మ్ అను చరిత్రకారుడు. తన దేశీయుల యుద్ధవ్యవహారములను గ్రంథస్థము చేయుచు, ఫ్రెంచి సేనాని బుస్సీ నడపిన ఈ దండయాత్రను గూడ అతడు సవిస్తరముగ వ్రాసి, దినమునేగాక వేళలను సైతము నమోదు చేసెను. మన జంగము కథకులన్ననో, తంబురయు గుమ్మెటయు చేతబట్టి తరతరములుగ ఆ కథను పాడుచు, వీరుల పౌరుషమును, స్త్రీల ఆత్మార్పణమును జనుల గుండెలలో నిలిపిరిగాని, క్రీస్తుశకపు తేదీతో వారికి పని లేకపోయెను. పంచాంగమును బట్టి చూచిన, అది ధాత నామ సంవత్సరమున మాఘ శుద్ధపక్షము. ఒకే దినమునకు సంబంధించిన కాలగణనము ఒకచోటను, కన్నీరు మఱియొకచోటను భద్రపడినవి. ఈ రెంటిని కలిపి చదివినగాని ఆ దినము మనకు పూర్తిగ దక్కదు.

ఆ యుద్ధమునకు మూలము వెదకబోయిన, మొదట కనబడునది రాజ్యకాంక్ష కాదు, కాలువనీళ్ల తగవు. విజయనగర సంస్థానమునకును బొబ్బిలికిని పొలిమేరలు కలిసియుండుటచేత, ఏళ్ల నీటిని బొబ్బిలివారు తమ పొలములకు మళ్లించుకొనుచున్నారను ఆక్రోశము విజయనగర ప్రభువగు పూసపాటి విజయరామరాజు మనస్సులో చిరకాలముగ రగులుచుండెను. 1753లో దక్కను సుబేదారగు సలాబతుజంగు ఫ్రెంచి సేనల జీతబత్యముల నిమిత్తము ఉత్తర సర్కారులను వారికి ఒసగుటయు, ఆ సర్కారుల వసూళ్లకై వచ్చిన బుస్సీకి విజయరామరాజు ఆప్తుడై శ్రీకాకుళ, రాజమహేంద్రవర సర్కారుల పన్నులను ఇజారాకు పుచ్చుకొనుటయు, ఆ పాత పగకు క్రొత్త బలము నొసగినవి. బొబ్బిలిని విడిచి వేఱొక సీమను స్వీకరింపుమని బుస్సీ కోరగా, రాజా గోపాలకృష్ణ రంగారావు తాతముత్తాతల గడ్డను వదలుటకంటె మరణమే మేలని తలచెను. నీటివంతులను గూర్చి నలుగురు పెద్దమనుష్యులు కూర్చుండి తీర్చదగిన వివాదము, పరదేశీయుని ఫిరంగి నడుమ నిలిచినంతనే, ఒక వంశపు ఉనికికే ముప్పు తెచ్చెను. ఇట్టి సందర్భములు ఆ శతాబ్దమున దేశమంతట పెక్కు కలవు; ఇంత ఘోరముగ ముగిసినవి మాత్రము తక్కువ.

తెల్లవాఱగనే నాలుగు బురుజులపై ఫిరంగులు ప్రేలుట మొదలిడి, ప్రొద్దెక్కునప్పటికి వాని పైగోడలు కూలినవి. సైన్యములు నలుదిక్కుల ఎగబ్రాకిననూ లోపలివారు ఒక్కనినైనను కోటలో అడుగు పెట్టనీయలేదు. అయినను ఇక గెలుపు కల్ల అని తెలిసికొన్న రంగారావు తనవారినందఱను చేరబిలిచి, స్త్రీలును బిడ్డలును శత్రువుల చేత చిక్కి అవమానము పాలగుటకంటె తమ చేతులతోనే వారిని కడతేర్చుట యుక్తమని నిశ్చయించెను. ఇండ్లకు నిప్పంటించి, ఆ దారుణకృత్యమును నెఱవేర్చి, మరల బురుజులకు మరలివచ్చి, శరణు వేడక, ఇచ్చిన శరణును స్వీకరింపక, కడపటివాని వఱకు పోరాడి నేలకొరగిరి. రంగారావు తుపాకిగుండు తగిలి పడెను. పోరు చల్లారిన పిదప ఒక వృద్ధుడు పసివాని నొకనిని చేయిపట్టుకొని ఫ్రెంచి దళనాయకుడగు లా యొద్దకు వచ్చి, ఇతడు రంగారావు కుమారుడనియు, తండ్రి ఆజ్ఞకు విరుద్ధముగ తాను కాపాడితిననియు చెప్పెనని ఓర్మ్ వ్రాసినాడు. రాజు ఆజ్ఞను మీఱిన ఆ వృద్ధుని పేరు చరిత్రలో లేకుండుట నాకెంతయు లోటుగ తోచును. ఆ దినమున ప్రాణమును తీయుటకు గాక నిలుపుటకు సాహసించినవాడు అతడే కదా!

జనశ్రుతిలో ఈ కథకు నాయకుడైన తాండ్ర పాపారాయుడు ఆ సమయమున రాజాములో నుండెనందురు. మూడవనాటి రాత్రి విజయరామరాజు తన డేరాలో నిద్రించుచుండగా బొబ్బిలివారు కావలివారి కన్నుగప్పి చొచ్చి ఆయనను పొడిచి చంపిరి. శరీరమున ముప్పదిరెండు గాయములుండెనట. జయించినవాడు ఆ జయమును వారమైనను అనుభవింపలేదు. ఆయనకు పిమ్మట వచ్చిన ఆనందగజపతి ఫ్రెంచివారియెడ విముఖుడై ఇంగ్లీషువారిని ఆహ్వానించుటయు, క్లైవు వంగదేశమునుండి పంపిన కర్నల్ ఫోర్డు 1758 డిసెంబరులో చందుర్తి యొద్ద ఫ్రెంచివారిని ఓడించి, మఱుసటి ఏప్రిలులో మచిలీపట్టణపు కోటను గైకొనుటయు సంభవించినవి. తెలుగుతీరమున ఫ్రెంచి ప్రాబల్యము అంతరించుటకు బొబ్బిలి మంటలే తొలి కారణమనుట అతిశయోక్తియే యగును. కాని విజయరామరాజు జీవించియుండినచో ఆ వ్యవహారములు అంత త్వరితముగ మలుపు తిరిగియుండవని మాత్రము నా నమ్మకము. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము మొదలు వేదము వేంకటరాయశాస్త్రి నాటకము వఱకును, 1964 నాటి చలనచిత్రము వఱకును ఈ కథ తెలుగువారిని విడువలేదు.

పితరులను తిథినిబట్టి స్మరించు మనకు, సూర్యమానపు తేదీ ననుసరించి స్మరించుట ఆంగ్లేయుల పాలనతో అలవడినది. ఆ తేదీలోనే వారి చరిత్రయు కొంత ఇమిడియున్నది. 1895 జనవరి 24న మరణించిన లార్డు రాండాల్ఫ్ చర్చిల్, 1885లో ఇండియా వ్యవహారముల మంత్రిగ నుండి ఎగువ బర్మాపై యుద్ధమునకు పూనుకొన్నవాడు. మఱుసటి సంవత్సరాదిని ఆ దేశము బ్రిటిషు సామ్రాజ్యమున కలిసెను. అటుపిమ్మట కాకినాడ, విశాఖపట్టణ తీరములనుండి ఓడలెక్కి రంగూనుకు కూలికేగిన తెలుగువారి సంఖ్య నానాటికి హెచ్చెను. రాండాల్ఫ్ మరణించిన సరిగ డెబ్బది సంవత్సరములకు, 1965లో అదే తేదీని, ఆయన కుమారుడు విన్‌స్టన్ చర్చిల్ కన్నుమూసెను. యౌవనమున బెంగుళూరు దండులో కాలము గడపియు భారతీయుల స్వపరిపాలనమును తుదివఱకు ప్రతిఘటించిన ఆయన, తన జీవితకాలముననే ఈ దేశము స్వతంత్రమై గణతంత్రమగుట చూచెను.

ఆ గణతంత్రమునకు తుదిమెఱుగులు దిద్దినదియు జనవరి 24వ తేదీయే. 1950లో ఆనాడు రాజ్యాంగసభ ఢిల్లీలో కడపటిసారి సమావేశమయ్యెను. బాబూ రాజేంద్రప్రసాదు ఏకగ్రీవముగ రాష్ట్రపతిగ ఎన్నికైనట్లు ప్రకటింపబడెను. జనగణమన జాతీయగీతమగుననియు, స్వాతంత్ర్యసమరమున చారిత్రకస్థానము వహించిన వందేమాతరమునకు దానితో సమానగౌరవము లభించుననియు, తీర్మానముగ గాక అధ్యక్షుని ప్రకటనగనే వెలువడెను. పిదప సభ్యులు ఒక్కొక్కరుగ వచ్చి రాజ్యాంగప్రతులపై సంతకములు చేసిరి. జనగణమన గీతముతో మదనపల్లెకు గల బంధము తెలుగువారు మఱువరానిది. 1911లో కలకత్తా కాంగ్రెసున మొదట పాడబడిన ఆ గీతమును, 1919 ఫిబ్రవరిలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విడిసియుండగా రవీంద్రుడు స్వయముగ ఆంగ్లమున అనువదించెను. మార్గరెట్ కజిన్సు దానికి స్వరలిపిని కూర్చెను.

రాజ్యాంగసభకు మదరాసు రాష్ట్రమునుండి 1946లో ఎన్నికైనవారిలో టంగుటూరి ప్రకాశము, దుర్గాబాయి, అల్లాడి కృష్ణస్వామి మొదలగువారితోబాటు బొబ్బిలి సంస్థానాధిపతి రామకృష్ణ రంగారావును ఉండెను. అంతకుమునుపు ఆయన మదరాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రిగ నుండి, 1937 ఎన్నికలలో బొబ్బిలి యందే కాంగ్రెసు అభ్యర్థియగు వరాహగిరి వేంకటగిరి చేతిలో ఓడెను. కత్తియు ఫిరంగియు లేక, ప్రజలు వ్రాసిన చీట్లతో బొబ్బిలి రాజు ఓడిన ఆ ఎన్నికను నేను 1757 నాటి పోరుకంటె తక్కువదిగ భావింపను. రాజు ఓడిననూ పరివారము బ్రతికియుండుటయు, ఓడినవాడే పదేండ్లకు రాజ్యాంగసభలో కూర్చుండుటయు ఎంతటి మార్పు! ఆనాటి కోటలోని తల్లులకు ఇట్టి రాజ్యవ్యవస్థ దొరకియుండినచో అన్న తలంపు నన్ను చాల కలచివైచును.

1966లో ఇదే తేదీని శ్రీమతి ఇందిరాగాంధి ప్రధానమంత్రిగ ప్రమాణము చేసెను. తాష్కెంటులో లాల్‌బహదూర్ శాస్త్రి మరణించి అప్పటికి రెండువారములు కూడ కాలేదు. ప్రమాణము చేయించిన రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షుడుగ పూర్వము మనవారికి చిరపరిచితుడైన మహనీయుడు. ఆ ఉదయముననే బొంబాయినుండి లండనుకు పోవుచున్న ఎయిరిండియా వారి ‘కాంచనజంఘ’ విమానము, జెనీవాలో దిగవలసియుండగా, పర్వతమును దాటితిమను పొరపాటు లెక్కచేత మోంబ్లా శిఖరమునకు కొట్టుకొని, అందలి 117 మందియు మృతి చెందిరి. వియన్నాకు బయలుదేరిన హోమీ భాభా వారిలో నొకడు, వయస్సు 56. అణుశక్తి శాఖను కేవల స్వసంకల్పముతో నిర్మించిన ఆ ధీమంతుడు పోవుటతో, దేశమునకు క్రొత్త నాయకత్వము లభించిన దినముననే విజ్ఞానరంగము దిక్కుమాలినట్లయ్యెను. అయినను ఆయన తీర్చిదిద్దిన శిష్యబృందము చెదరిపోలేదు. వారిలో తెలుగువాడగు అయ్యగారి సాంబశివరావు ట్రాంబేలో పెంపొందిన ఎలక్ట్రానిక్సు విభాగపు పనిని హైదరాబాదునకు తెచ్చి, 1967 ఏప్రిలులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థను నెలకొల్పి, అణుశక్తి కేంద్రములకు కావలసిన నియంత్రణయంత్రములను మన ఇంజినీర్ల చేతనే చేయించెను.