యెరికో తరువాత: విశ్వాసి అంతరంగములోని శోధన

యెహోషువ గ్రంథము 6, 7 అధ్యాయములను వెంట వెంట చదివితే ఒక సంగతి మనలను ఆపుతుంది. ఆరవ అధ్యాయములో ఎత్తయిన ప్రాకారములున్న యెరికో కూలిపోయింది. ఏడవ అధ్యాయములో హాయి అనే చిన్న పట్టణము ఎదుట ఇశ్రాయేలీయులు వెన్ను చూపి పారిపోయారు. వేగుచూచినవారు తిరిగి వచ్చి, జనులందరు వెళ్లనక్కరలేదు, రెండు మూడు వేలమంది చాలునన్నారు. ఇంచుమించు 3,000 మంది వెళ్లారు. 36 మంది చనిపోయారు. అంత గొప్ప యెరికోను గెలిచినవారు ఇంత చిన్న హాయి ముందు ఎందుకు ఓడిపోయారు? హాయిలో కొత్తగా వచ్చిన బలమేమీ లేదు. ఇశ్రాయేలు పాళెములోనే, ఒక గుడారములో, నేల తవ్వి పూడ్చి ఉంది.

ఆకాను కథ సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. అయితే దానిని మనం సాధారణంగా దొంగతనము కథగా చెప్పి ముగిస్తాము. ఈ వారం దానిని మరోవైపు నుండి చూద్దాము. దొంగతనము జరగకముందు ఆ మనిషి లోపల ఏమి జరిగింది?

యెహోషువ 7:21లో ఆకాను తానే వరుసగా చెప్పాడు. ఒక మంచి షీనారు పైవస్త్రము, రెండువందల తులముల వెండి, ఏబది తులముల బంగారు కమ్మి. తులము అనగానే మనకు పెళ్లి బంగారము గుర్తుకు వస్తుంది గాని, మూలభాషలో ఉన్నది షెకెలు, సుమారు 11 గ్రాములు. అంటే వెండి రెండు కిలోలకు పైన, బంగారము అరకిలోకు పైన. తాను చూచానని, ఆశించానని, తీసికొన్నానని, దాచానని ఆకాను ఒప్పుకున్నాడు. నాలుగు క్రియలు. మొదటి మూడు ఆదికాండము 3:6లో హవ్వ విషయములోనూ కనబడతాయి. ఆమె చూచింది, ఆ చెట్టు ఆశింపదగినదని ఆమెకు తోచింది, ఫలమును తీసికొన్నది. హెబ్రీ భాషలో ఆ ‘ఆశించుట’ అనే మాటకు రెండు చోట్లా ఒకటే ధాతువు. పదియవ ఆజ్ఞలో ‘ఆశింపకూడదు’ అన్నచోట ఉన్నదీ అదే.

పది ఆజ్ఞలలో ఈ చివరిదానికి ఒక ప్రత్యేకత ఉంది. నరహత్యకు సాక్షులుంటారు. దొంగతనానికి పోయిన సొమ్ము ఉంటుంది. అబద్ధ సాక్ష్యమును వినినవారుంటారు. ఆశకు సాక్షి ఎవరు? ఏ న్యాయాధిపతీ దానిని విచారించలేడు, ఏ సంఘ కమిటీ దానిమీద తీర్మానము చేయలేదు. ధర్మశాస్త్ర విషయములో నిందలేనివాడనని ఫిలిప్పీ పత్రికలో చెప్పగలిగిన పౌలు కూడా, పాపమంటే ఏమిటో తనకు తెలియజేసినది ఈ ఆజ్ఞయే అని రోమా 7:7లో ఒప్పుకున్నాడు.

ఆకాను గురించి మరికొంత ఆలోచించుదాము. అతడు యూదా గోత్రికుడు, జెరహు వంశస్థుడు, జబ్ది మనుమడు. యొర్దాను ఆరిన నేలమీద దాటినవారిలో ఒకడు. ఏడు దినములు మందసము వెంట యెరికో చుట్టూ నడిచి, ఏడవ దినమున జనులందరితో కేకలు వేసి ఉంటాడు. బయటి పని దేనిలోనూ అతడు వెనుకబడినట్లు వాక్యము చెప్పడంలేదు. గోడలు కూలుతుండగా చూచిన కన్నులే ఆ పైవస్త్రమునూ చూచాయి.

ఆ పైవస్త్రము అతనిని ఎందుకు అంతగా లాగింది? వాక్యము కారణము చెప్పలేదు. కాని ఆ తరమువారి జీవితము మనకు తెలుసు. అరణ్యములో నలువది సంవత్సరములు వారి బట్టలు పాతగిలలేదని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. పాతగిలలేదు సరే, కొత్తవీ లేవు. పైగా యెరికో ముట్టడికి కొద్దిదినముల ముందే మన్నా కురవడం ఆగిపోయింది (యెహోషువ 5:12). రేపటి భోజనము ఎక్కడినుంచో తెలియని ఇంటి యజమానునికి ఆ వెండి బంగారములు దురాశగా కనబడి ఉంటాయా? పిల్లల భవిష్యత్తుగా కనబడి ఉండవచ్చు. అంతరంగ శోధన మన గొంతుతోనే, మన అవసరము పేరుతోనే మాట్లాడుతుంది. అందుకే దానిని శోధన అని గుర్తుపట్టడం కష్టము.

దాచిన తరువాత అవి అతనికి ఏమి పనికి వచ్చాయి? ఆ వస్త్రము కట్టుకొని పాళెములో తిరగలేడు, చూచినవాడెవడైనా ఎక్కడిదని అడుగుతాడు. పాళెములో ఎవరికంటా పడకుండా ఆ వెండిని మార్చుకోనూ లేడు. రాత్రివేళ దానిమీద చాప పరచుకొని పడుకోవడం తప్ప దానితో చేయగలిగినదేమీ లేదు. ఇంకొకటి ఉంది, దీనిని చాలమంది గమనించరు. తరువాతి అధ్యాయములోనే, 8:2లో, హాయి దోపుడుసొమ్మును పశువులను మీరే తీసికొనవచ్చునని దేవుడు సెలవిచ్చాడు. కొన్ని దినములు ఓపిక పట్టి ఉంటే ఆకానుకు న్యాయముగానే తన పాలు దొరికేది.

ఈ అధ్యాయమంతటిలో అపవాది పేరు ఒక్కసారి కూడా లేదు. అపవాది లేడని మేమనడంలేదు. ఏదెను తోటలోనూ అరణ్యములో ప్రభువు ఎదుటా వాడు కనబడ్డాడు. అయితే మన ప్రార్థనలలో ప్రతి తప్పునూ వానిమీద మోపే అలవాటు బాగా పెరిగింది. సైతానును గద్దించడానికి అరగంట, మన హృదయమును పరీక్షించుకోవడానికి అర నిమిషము. యాకోబు పత్రిక 1:14 ఆ సౌకర్యము మనకు ఇవ్వదు. ప్రతివానిని లాగేది అతని సొంత దురాశయే అని అక్కడ సూటిగా ఉంది. ‘మరులుకొల్పబడుట’ అని మన బైబిలులో తర్జుమా చేయబడిన గ్రీకు మాట ఎర అనే మాట నుండి పుట్టినది. గాలానికి గుచ్చిన ఎర అందరికీ ఒకటే కాదు. కృష్ణా ఒడ్డున గాలము వేసేవారిని అడిగితే ఏ చేపకు ఏ ఎరో చెబుతారు. యోహాను 14:30లో ఈ లోకాధికారికి తనలో ఏమియు లేదని ప్రభువు చెప్పాడు. వాడు పట్టుకోవడానికి ఆయనలో పిడి లేదు. మనలో ఉన్నది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. మన బైబిలులో ‘శోధన’ అనే ఒకే మాట రెండు సంగతులకు వాడబడింది. యాకోబు 1:2లో విశ్వాసమును పరీక్షించే కష్టములకు అదే మాట, 1:14లో లోపలినుండి లాగే ఆశకు అదే మాట. గ్రీకులోనూ అంతే. ఈ కారణముచేత కొందరు జబ్బునూ అప్పునూ దురాశనూ ఒకే మూటలో కట్టి, దేవుడు నన్ను శోధిస్తున్నాడంటారు. 13వ వచనము దీనికి అడ్డు నిలుస్తుంది. కీడు చేయమని దేవుడు ఎవరినీ ప్రేరేపించడు. మరోవైపు, శోధన కలిగినంత మాత్రాన పాపము చేశామని కృంగిపోయే సున్నిత మనస్కులూ మన సంఘములలో ఉన్నారు, ముఖ్యముగా యౌవనులు. వారికి 15వ వచనము ధైర్యమివ్వాలి. దురాశ గర్భము ధరించి పాపమును కంటుందని, పాపము పరిపక్వమై మరణమును కంటుందని యాకోబు వ్రాశాడు. గర్భధారణకూ ప్రసవానికీ మధ్య కాలముంటుంది. ఆ కాలములో సహాయము అడగవచ్చు.

లోకమునకు దూరముగా పోతే ఈ శోధన తప్పుతుందా? నాలుగవ శతాబ్దములో ఐగుప్తు ఎడారికి వెళ్లిన సన్యాసులు ఆ ప్రయత్నము చేశారు. వారిలో ఎవాగ్రియస్ అనే ఆయన (క్రీ.శ. 399లో మరణించాడు) ఎడారిలోకి కూడా మనిషి వెంట వచ్చే ఎనిమిది తలంపులను లెక్కగట్టి వ్రాశాడు. తిండి యావ, కామము, ధనాపేక్ష, దిగులు, కోపము, ఆత్మ విసుగు, కీర్తికాంక్ష, గర్వము. తరువాత ఆరవ శతాబ్దములో గ్రెగరీ దీనిని మార్చి ఏడుగా కూర్చాడు. ఎనిమిదిలో ఆత్మ విసుగును గూర్చి ఎవాగ్రియస్ చేసిన వర్ణన మేము మరువలేనిది. మధ్యాహ్నమువేళ సూర్యుడు కదలడంలేదని అనిపిస్తుందట. గదిలో ఉండబుద్ధి కాదట. ఇక్కడి సహోదరులలో ప్రేమ చల్లారిందని, ఇంకొకచోట అయితే దేవుని సేవించడం తేలికని లోపలినుండి తలంపు వస్తుందట. రెండేళ్లకొక సంఘము మారుతున్నవారు దీనిని రెండుసార్లు చదవవచ్చును. ఆ ఎడారిలో బజారు లేదు, సినిమా లేదు, సెల్‌ఫోను లేదు.

మన మధ్య ఆ షీనారు వస్త్రము ఏ రూపములో ఉంటుందో ఎవరికివారే ఎరుగుదురు. కానుకల లెక్క చూచే సహోదరుడు ఈ నెలకు వాడుకొని వచ్చే నెల సర్దేద్దామనుకున్న మొదటి సాయంకాలము కావచ్చు. ఆ డబ్బు ఇంకా పెట్టెలోనే ఉంది, ఎవరికీ నష్టము జరగలేదు. పాట పాడి కూర్చున్న సహోదరి ఆ రాత్రి తన వీడియోను ఎంతమంది చూచారో పదిసార్లు తీసి చూచుకోవడం కావచ్చు. తోటికోడలిమీద ఏళ్లుగా పెంచుకున్న కక్షను ‘నేను క్షమించాను గాని మరువలేను’ అనే మాట కింద పూడ్చి, బల్ల దగ్గరకు వచ్చి రొట్టె తీసికొనుట కావచ్చు. కాపరులకు వేరే ఎర ఉంటుంది. పక్క వీధిలోని సంఘము పెరుగుతుంటే కలిగే మంటకు ‘దుర్బోధ పట్ల ఆసక్తి’ అని పేరు పెట్టుకోవడం సులభము. ఇవి వార్తలకెక్కే పాపములు కావు. ఆరాధన జరుగుతూనే ఉంటుంది, సాక్ష్యములు వినబడుతూనే ఉంటాయి. హాయి దగ్గరకు వెళ్లేదాకా ఇశ్రాయేలుకూ ఏమీ తెలియలేదు.

ఓటమి తరువాత యెహోషువ బట్టలు చింపుకొని సాయంకాలము వరకు మందసము ఎదుట సాగిలపడ్డాడు. పెద్దలు తలలమీద ధూళి పోసికొన్నారు. మనమైతే దానిని గొప్ప ఉపవాస ప్రార్థన అంటాము. దేవుడు మాత్రం లెమ్మన్నాడు, ఎందుకు నేలమీద పడి ఉన్నావని అడిగాడు. తవ్వవలసిన గుడారము ఉండగా ప్రార్థనలో గడపడం ఆ దినమున సరిపోలేదు. ఉజ్జీవము కొరకు రాత్రి జాగరణలు జరిపే సంఘములు ఈ 10వ వచనము దగ్గర కాసేపు ఆగాలని మా కోరిక.

ఆ తరువాతి ఏర్పాటు చూడండి. రేపటికి మిమ్మును పరిశుద్ధపరచుకొనుడని 13వ వచనములో ప్రకటన వచ్చింది. అంటే ఆకానుకు ఒక రాత్రి అంతా దొరికింది. ఉదయము గోత్రములు ఒక్కొక్కటిగా దగ్గరకు వచ్చాయి. యూదా పట్టుబడింది. వంశములలో జెరహు వంశము, దానిలో జబ్ది కుటుంబము. ఒక్కొక్క మెట్టులో అతడు నోరు తెరువవచ్చు. చీటి తనమీద పడి, యెహోషువ ‘నా కుమారుడా’ అని పిలిచి అడిగినప్పుడే నిజము చెప్పాడు. ముందే చెప్పి ఉంటే ఏమయ్యేదో వాక్యము చెప్పలేదు. అతని ఇంటివారందరికీ కలిగిన ఆ కఠినమైన తీర్పును గూర్చిన ప్రశ్నలు చిన్నవి కావు, వాటికి వేరే వ్యాసము కావాలి. కాని నేల కింద దాచినది తనంతట తానే బయటికి రాదని ఆ రాత్రి చూపుతున్నది.

ఈ ఒక్క సంగతిని జాన్ వెస్లీ బాగా గ్రహించాడు. 1738 డిసెంబరు 25న ఆయన చిన్న గుంపులకు నియమములు వ్రాశాడు. వారానికి ఒక్కసారైనా కూడుకొని ఒకరినొకరు కొన్ని ప్రశ్నలు అడగాలి. మొదటిది తెలిసి చేసిన పాపములను గూర్చి. రెండవది, ఈ వారములో మీకు ఏ శోధనలు ఎదురైనవని. మూడవది వాటినుండి ఎలా విడిపించబడ్డారని. రెండవ ప్రశ్న ఉన్న చోటును గమనించండి. తప్పు జరిగేదాకా ఆగకుండా, ఆశ ఇంకా గర్భములో ఉండగానే దానిని నోట పలికించే ప్రశ్న అది. ఆ వెస్లియన్ మెథడిస్టు మిషనరీల పరిచర్యలోనే మన మెదక్ మహాదేవాలయము కట్టబడి, సరిగ్గా 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. దేవాలయము చూడడానికి ఏటా వేలమంది వెళుతున్నారు. ఆ ప్రశ్నను అడుగుకొనే గుంపులు మాత్రం మాకు తెలిసినంతలో అరుదు.

యాకోబు 5:16 అడిగేది కూడా అదే, ఒకనితో ఒకడు ఒప్పుకొనుట. దీనికి నమ్మదగిన ఒక్క మనిషి చాలు. సహోదరులు సహోదరులతో, సహోదరీలు సహోదరీలతో చెప్పుకోవడం క్షేమము. విన్నవాడు దానిని ప్రార్థన అంశముగా నలుగురికీ పంచితే ఆ సంఘములో మళ్లీ ఎవరూ నోరు తెరువరు. మైకు ముందు చేసే ఒప్పుకోలును మేము సమర్థించము.

యెరికో కథలో దాచినవారు ఇద్దరున్నారు. అన్యురాలైన రాహాబు ఇంటిమీద జనుపకట్టెలో వేగులవారిని దాచి, మత్తయి 1:5లో ప్రభువు వంశావళిలో చేరింది. యూదా గోత్రములోనే పుట్టిన ఆకాను గుడారములో బంగారము దాచి, ఒక లోయకు శ్రమ అనే పేరు మిగిల్చాడు. ఆకోరు అంటే అదే అర్థము. ఆ లోయ మాట బైబిలులో అక్కడితో ముగియలేదు. ఆకోరు లోయను నిరీక్షణ ద్వారముగా చేస్తానని హోషేయ 2:15లో దేవుడు చెప్పాడు. యెషయా 65:10లో, ఆయనను వెదకిన జనుల పశువులు పరుండేది అదే లోయలో.